ఓక్లాండ్ ఫస్ట్ ఫ్రైడేస్: ఆర్ట్ నైట్‌కి జనం వచ్చాక బిల్లు ఎవరు కట్టాలి?

వీధి మూసి చేసే కార్యక్రమాలకు ట్రాఫిక్, సేఫ్టీ ప్లాన్లు తయారుచేయడం నా వృత్తి. కాలిఫోర్నియాలో ఈస్ట్ బే అనే ప్రాంతంలో పనిచేస్తాను. బారికేడ్లు ఎక్కడ పెట్టాలి, బస్సును ఏ వీధిలోకి మళ్లించాలి, ఫైరింజన్ ఎటు నుంచి రావాలి, వచ్చిన జనం తిరిగి ఇంటికి ఎలా పోవాలి అన్నవే నా కాగితాల మీద ఉండేవి. ఆ మధ్య ఇక్కడి ఒక చిన్న ఊరి వ్యాపారుల సంఘం మా దగ్గరికి వచ్చి, ఓక్లాండ్‌లో చేస్తున్నట్టు తామూ నెలకోసారి ఆర్ట్ నైట్, అంటే గ్యాలరీలన్నీ ఒకే సాయంత్రం తలుపులు తీసి ఉంచే కార్యక్రమం, పెట్టుకుంటామని అడిగింది. ‘ఓక్లాండ్‌లో చేస్తున్నట్టు’ అంటే ఏమిటో వాళ్లకి వివరంగా చెప్పాలి కదా అని ఆ కేసును మొదటి నుంచీ తవ్వి రాసిపెట్టాను. ఆ నోట్సే ఇక్కడ తెలుగులో విప్పి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆర్ట్ నైట్‌కి జనం రాకపోతే పెద్ద నష్టమేమీ లేదు, నాలుగైదు నెలల్లో దానంతటదే ఆగిపోతుంది. వస్తేనే చిక్కు. జనాన్ని రప్పించేది గ్యాలరీలు. ఆ రాత్రి గల్లా నిండేది బార్లకి, ఫుడ్ ట్రక్కులకి. కొన్నేళ్లు పోయాక లాభపడేది బిల్డింగ్ ఓనర్లు. రోడ్డు మూసినందుకు, ఊడ్చినందుకు, పోలీసులను పెట్టినందుకు అయ్యే ఖర్చు మాత్రం వీళ్లెవరి ఖాతాలోనూ పడదు. ఆ ఖర్చు ఎవరిదో తేల్చుకోకుండా పెరిగిన కార్యక్రమానికి ఏం జరుగుతుందో ఓక్లాండ్‌ని చూస్తే తెలుస్తుంది.

గ్యాలరీల రోజులు

ఓక్లాండ్ శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎదురుగా, నీళ్లకి ఇవతలి ఒడ్డున ఉన్న రేవు పట్టణం. 1999 నుంచి 2007 దాకా అక్కడ మేయర్‌గా ఉన్న జెర్రీ బ్రౌన్, డౌన్‌టౌన్‌లోకి 10,000 మందిని కొత్తగా తెచ్చి కాపురం పెట్టించాలని ప్లాన్ వేశాడు. ఆఫీసులు మూసేస్తే వీధుల్లో మనిషి కనిపించని రోజులవి. డౌన్‌టౌన్‌కి ఉత్తరపు అంచున, టెలిగ్రాఫ్ అవెన్యూని 23వ వీధి కలిసే చుట్టుపక్కల ఖాళీ షాపులు చాలా ఉండేవి, అద్దెలు తక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో అద్దెలు భరించలేని కుర్ర ఆర్టిస్టులు వచ్చి చేరారు. రాక్ పేపర్ సిజర్స్ కలెక్టివ్ అని ఒకటి 2004లో మొదలైంది. అక్కడ కుట్టుమిషన్లు ఉండేవి, చేత్తో అచ్చేసిన చిన్న పుస్తకాలు ఉండేవి, పిల్లలకి క్లాసులు చెప్పేవారు. కాస్త అవతల మామా బజ్ కెఫే. ఇలాంటివే గుప్పెడు చిన్న జాగాలు కలిసి 2006లో ఆర్ట్ మర్మర్ అనే పేరుతో నెలలో మొదటి శుక్రవారం సాయంత్రం అందరం తలుపులు తీసి ఉంచుదాం అనుకున్నాయి.

ఈ పద్ధతి వాళ్లు కనిపెట్టింది కాదు. సియాటిల్‌లోని పయనీర్ స్క్వేర్ గ్యాలరీలు 1981 నుంచే మొదటి గురువారం ఇలా చేస్తున్నాయి. ఫిలడెల్ఫియా ఓల్డ్ సిటీలో 1991 నుంచి మొదటి శుక్రవారం. ఎక్కడైనా కిటుకు ఒకటే. ఒక్క గ్యాలరీ ఓపెనింగ్ పెడితే ఆర్టిస్టు చుట్టాలు, స్నేహితులు వస్తారు, జూసు తాగి పోతారు. పది గ్యాలరీలు ఒకే రోజు తెరిస్తే ఒకరి చుట్టాలు ఇంకొకరి గోడలు కూడా చూస్తారు. ‘మొదటి శుక్రవారం’ అని ఒకసారి మనసులో పడితే పోస్టర్లు కూడా అక్కర్లేదు, క్యాలెండరే ప్రచారం చేసిపెడుతుంది.

మొదట్లో 23వ వీధిలో చిన్న ముక్కని మాత్రమే మూసేవాళ్లు. నా వృత్తి కళ్లతో చూస్తే అది చాలా మంచి దశ. చిన్న పక్కవీధి కాబట్టి బస్సు మళ్లించే పని లేదు, మూసినందుకు పెద్ద ఖర్చు లేదు. వచ్చినవాళ్లు గ్యాలరీల కోసమే వచ్చారు. వీధిలో నిలబడ్డవాళ్లకి ఏదో ఒక తలుపుతో సంబంధం ఉంది. ఈ దశలో ఆగిపోవాలని ఎవరూ అనుకోరు, అక్కడే వస్తుంది తంటా.

2009 ఫిబ్రవరిలో, దశాబ్దాలుగా మూతపడి ఉన్న ఫాక్స్ థియేటర్ బాగుచేసి తెరిచారు. అది 1928 నాటి సినిమా హాలు, టెలిగ్రాఫ్ మీదే ఉంటుంది. చుట్టూ బార్లు, రెస్టారెంట్లు లేచాయి. 2012లో వెళ్లి చూడాల్సిన ఊళ్లంటూ న్యూయార్క్ టైమ్స్ ఇచ్చిన 45 పేర్ల జాబితాలో ఓక్లాండ్ అయిదో స్థానంలో ఉంది. అప్పటికే మొదటి శుక్రవారం జనం 23వ వీధి దాటి టెలిగ్రాఫ్ మీదికి పొంగిపోయారు. డీజేలు, డాన్సు గుంపులు, గ్రిల్ మీద సాసేజీలు కాల్చి అమ్మేవాళ్లు, చేత్తో చేసిన నగలు, టీషర్టులు పరిచేవాళ్లు, సంచుల్లో సీసాలు పెట్టుకుని తిరిగే కుర్రాళ్లు అందరూ రోడ్డు మీదే. పేపర్లలో ‘ఇరవై వేల మంది’ అని రాసేవారు. చాలామందికి ఆ రాత్రి పక్కనే గ్యాలరీలు ఉన్నాయన్న సంగతే తెలియదు.

ఇరవై వేలంటే ఎంత?

క్లయింట్లు జనం సంఖ్య చెబితే నేను వెంటనే గజాల్లోకి మారుస్తాను. గుంపు లెక్కకి అందరూ వాడే పద్ధతి పుట్టింది కూడా ఈ టెలిగ్రాఫ్ అవెన్యూ రెండో చివరనే. బర్క్‌లీ యూనివర్సిటీలో జర్నలిజం చెప్పే హెర్బర్ట్ జేకబ్స్ 1960లలో తన గది కిటికీలోంచి స్ప్రౌల్ ప్లాజాలో విద్యార్థుల సభలను చూసేవాడు. ప్లాజా నేల గళ్లుగళ్లుగా ఉంటుంది. ఒక గడిలో ఎంతమంది పడుతున్నారో చూసి గళ్లతో గుణించాడు. పలచటి గుంపులో మనిషికి సుమారు పది చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర అని తేల్చాడు. టెలిగ్రాఫ్ అవెన్యూ ఆ ప్లాజా ముందే మొదలై దక్షిణంగా ఓక్లాండ్‌లోకి వస్తుంది.

ఇప్పుడు మన లెక్క. వెస్ట్ గ్రాండ్ అవెన్యూ నుంచి 27వ వీధి దాకా టెలిగ్రాఫ్‌ని మూస్తే పొడవు 550 గజాలు, ఈ గోడ నుంచి ఆ గోడకి వెడల్పు 27 గజాలు అనుకుందాం. దాదాపు 15,000 చదరపు గజాలు. అందులో స్టాళ్లు, ట్రక్కులు, స్టేజీ, తిండి క్యూలు సగం తినేస్తాయి. మిగిలింది 7,500. గజానికి ఒక మనిషి అంటే జేకబ్స్ చెప్పిన పలచటి గుంపు. అలా చూస్తే ఒక క్షణంలో ఆ రోడ్డు హాయిగా మోసేది ఏడున్నర వేల మందిని. కార్యక్రమం నాలుగు గంటలు, ఒక్కొక్కరు సగటున రెండు గంటలు ఉంటారనుకుంటే రాత్రి మొత్తానికి పదిహేను వేలు. ఇరవై వేలు రావాలంటే పక్కవీధులు కూడా నిండాలి, లేదా గుంపు ఇంకా చిక్కబడాలి. ఓక్లాండ్‌లో రెండూ జరిగాయన్నది నా అంచనా.

ఇదంతా ఎందుకంటే, నిర్వాహకులు పత్రికలకి ఇచ్చేది రాత్రి మొత్తం సంఖ్య, సేఫ్టీకి కావాల్సింది ఒక్క క్షణపు సంఖ్య. టాయిలెట్లు ఎన్ని, ఫస్ట్ ఎయిడ్ టెంట్లు ఎన్ని, వాలంటీర్లు ఎంతమంది అన్నవన్నీ ఆ రెండో సంఖ్య మీదే ఆధారపడతాయి. స్టాళ్ల వరస మధ్యలో ఫైరింజన్ కోసం 20 అడుగుల దారి ఖాళీగా వదలాలని ఇక్కడి ఫైర్ కోడ్ అంటుంది. జనం ఆ దారిలో నడవొచ్చు, కానీ ఒక్క టేబుల్ కూడా అందులోకి రాకూడదు. చిన్న వ్యాపారి అరడుగు ముందుకు జరుపుతాడు, పక్కవాడు ఇంకో అరడుగు. గంట గడిచేసరికి 20 కాస్తా 14 అవుతుంది. అందుకే రోడ్డు మీద సుద్దతో కాదు, పెయింటుతో గీత వేయమంటాను.

ఇంకో విషయం ఎవరి రిపోర్టులోనూ సరిగ్గా కనిపించదు. అయిదింటికి వచ్చే జనం, తొమ్మిదింటికి ఉండే జనం ఒకరు కాదు. మొదటి రెండు గంటల్లో పిల్లల బళ్లు తోసుకుంటూ కుటుంబాలు, పెద్దవాళ్లు, బొమ్మలు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు. చీకటి పడ్డాక ఇరవై ఏళ్ల లోపు పిల్లలు, బార్లకి పోయేవాళ్లు. ఒకే రోడ్డు మీద రెండు కార్యక్రమాలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నట్టు. కానీ ప్లాన్ మాత్రం ఒకటే ఉంటుంది, అదీ మొదటి గుంపును చూసి వేసింది.

2013 ఫిబ్రవరి 1

ఆ మొదటి శుక్రవారం రాత్రి పదకొండు ప్రాంతంలో, కార్యక్రమం ముగింపు వేళ దాటాక, టెలిగ్రాఫ్‌కి 20వ వీధి తగిలే దగ్గర కాల్పులు జరిగాయి. 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు, మరో ముగ్గురికి గాయాలయ్యాయి.

కాల్పులు ఆర్ట్ వల్ల జరగలేదు, స్టాళ్ల వల్ల జరగలేదు. ఆ ఏళ్లలో ఓక్లాండ్‌లో హత్యలు ఎక్కువగానే ఉండేవి. కానీ ఆ సమయాన్ని గమనించండి. పర్మిట్‌లో రాసిన వేళ అయిపోయింది, మైకులు ఆగిపోయాయి, ట్రక్కులు సర్దుకుంటున్నాయి, వాలంటీర్లు బ్యాడ్జీలు తీసేశారు. జనం మాత్రం పోలేదు. కాగితం మీద కార్యక్రమం లేదు, వీధిలో ఉంది. ఆ మధ్య వేళకి ఎవరూ బాధ్యులు కారు. నా వృత్తిలో అన్నిటికంటే టెన్షన్ పెట్టే గంట అదే. కార్యక్రమాన్ని మొదలుపెట్టడానికి నెల రోజులు ప్లాన్ చేస్తాం, ఆపడానికి ఒక్క వాక్యం రాస్తాం: ‘రాత్రి పదికి ముగింపు’.

దీనికి డబ్బు కోణం కూడా ఉంది. బడ్జెట్ లోటు వల్ల 2010 జులైలో ఓక్లాండ్ 80 మంది పోలీసులను తీసేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2012 ఫిబ్రవరి 1న, పాతబడ్డ పేటలను బాగుచేయడానికి డబ్బు పెట్టే రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలన్నిటినీ రద్దు చేసింది. ఫాక్స్ థియేటర్ లాంటి వాటికి డబ్బు పెట్టింది అలాంటి ఏజెన్సీయే. అంటే జనం అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ఏడాదిలోనే నగరం చేతిలో మనుషులు తగ్గారు, ఆ పేటకి ఖర్చు పెట్టే ఖాతా మూతపడింది.

కాల్పుల తర్వాత మార్చి కార్యక్రమం ఆపేయాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. చివరికి ఆపలేదు. వేళలు కుదించారు, మూసే రోడ్డు భాగాన్ని తగ్గించారు, వీధిలో మందు తాగడాన్ని గట్టిగా అడ్డుకున్నారు, వాలంటీర్లను పెంచారు. నన్నడిగితే వీటిలో ఎక్కువ పనిచేసేది వేళ మార్పే. తొమ్మిదికి ఆపితే బార్ట్ అనే ఇక్కడి లోకల్ రైళ్లు ఇంకా నడుస్తూ ఉంటాయి, 19వ వీధి స్టేషన్ నడిచిపోయే దూరం. మామూలు రోజు మాదిరిగానే రెస్టారెంట్లు తెరిచి ఉంటాయి కాబట్టి జనం ఒక్కసారిగా రోడ్డు మీద పడరు, మెల్లగా కరుగుతారు.

గ్యాలరీలు ఏం చేశాయి? మెల్లగా పక్కకి తప్పుకున్నాయి. ఆర్ట్ మర్మర్ లాభాపేక్ష లేని సంస్థగా మారింది, వీధి పండగ ఓక్లాండ్ ఫస్ట్ ఫ్రైడేస్ అనే వేరే పేరుతో వేరే చేతుల్లోకి వెళ్లింది. గ్యాలరీలు శనివారం మధ్యాహ్నాలు తెరిచి ఉంచే స్ట్రోల్‌ని మొదలుపెట్టాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. శుక్రవారం రాత్రి లోపలికి వెయ్యి మంది వచ్చిపోయినా బొమ్మ ముందు నిలబడే చోటు లేకపోతే అమ్మకం ఉండదు. బాత్రూం ఎక్కడ అని అడిగేవాళ్లే ఎక్కువ. మొత్తం కేసులో నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇది. జనం వేరు, కొనేవాళ్లు వేరు అని ఒప్పుకుని రెండిటికీ వేర్వేరు రోజులు పెట్టారు.

ఖర్చు ఎవరిది?

ఒక వీధిని నాలుగు గంటలు మూయడానికి ఏమేం కావాలో మన పాఠకుల కోసం చెప్తాను. పార్కింగ్ లేదు అనే బోర్డులు ముందే కట్టాలి, అయినా వదిలేసిన కార్లను లాగేయాలి. బారికేడ్లు, వాహనం దూసుకురాకుండా అడ్డంగా పెట్టే భారీ ట్రక్కులు లేదా నీళ్లు నింపిన దిమ్మెలు కావాలి. బస్సులు మళ్లించాలి. టాయిలెట్లు, అందులో వీల్‌చెయిర్ వాళ్లకి తప్పనిసరిగా కొన్ని ఉండాలి. ఇన్సూరెన్సు సాధారణంగా పది లక్షల డాలర్లకి అడుగుతారు. తిండి అమ్మే ప్రతి స్టాలుకీ కౌంటీ ఆరోగ్య శాఖ పర్మిట్ కావాలి. ఆపైన పోలీసు ఓవర్‌టైం, ప్రైవేటు సెక్యూరిటీ, చివర్లో ఊడ్చే బండి. ఏడాదికోసారి జరిగే జాతరకి స్పాన్సర్ దొరుకుతాడు. నెలనెలా జరిగేదానికి పేరు పెట్టుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? పండగకి చందా ఇచ్చేవాళ్లు నెలవారీ కిరాయికి ఇవ్వరు.

ఓక్లాండ్‌లో ఆ భారాన్ని ఎత్తుకున్నది కోనో అనే సంస్థ. కొరియాటౌన్ నార్త్‌గేట్ అనే పేటలోని ఆస్తి యజమానులు తమ మీద తామే అదనపు పన్ను వేసుకుని ఏర్పరచుకున్న బెనిఫిట్ డిస్ట్రిక్ట్ అది. కాలిఫోర్నియాలో ఇలాంటివి పెట్టాలంటే యజమానులు ఓటు వేయాలి, ఎవరు ఎంత కడతారో వాళ్ల ఓటుకి అంత బరువు. వసూలైన డబ్బు ఆ పేటలోని ఆస్తులకి లాభం చేకూర్చే పనులకే వాడాలి, ఊరందరి వినోదానికి కాదు. ఇక్కడే పేచీ. ఆర్ట్ నైట్‌కి వచ్చేవాళ్లు బే ఏరియా, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్ల, నలుమూలల నుంచీ వస్తారు, ఖర్చు నాలుగు వీధుల యజమానులది. స్టాళ్ల ఫీజు, విరాళాల డబ్బాలు, చందాల పిలుపులు అందుకే ఏటేటా కనిపిస్తాయి.

నగరం దగ్గర ఇంకో దారి ఉంది. 2009లో మెజర్ సి అనే ఓటుతో ఓక్లాండ్ హోటల్ పన్నును 11 నుంచి 14 శాతానికి పెంచింది. పెరిగిన మూడు శాతంలో ఎనిమిదో వంతు కళా కార్యక్రమాలకి, పండగలకి. వంద డాలర్ల గది అద్దె మీద లెక్క వేస్తే 37 సెంట్ల పైచిలుకు. కొంచెమే అయినా నాకు ఈ పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది, ఊరికి పేరొస్తే మొదట నిండేది హోటళ్లే కాబట్టి. అయితే అది ఊళ్లోని అన్ని పండగలూ పంచుకోవాల్సిన డబ్బు. నెలకొకటి లెక్కన పన్నెండు సార్లు రోడ్డు మూసే కార్యక్రమానికి అది మూల స్తంభం కాలేదు.

హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి ‘సండే ఫండే’ పెట్టినప్పుడు ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది నాకు వీడియోలు పంపారు. అక్కడ హెచ్‌ఎండీఏ నడిపింది కాబట్టి బిల్లు ఎవరిదన్న ప్రశ్నే లేదు. అది సౌకర్యం. కానీ ఓక్లాండ్‌లో ఉన్నది అక్కడ లేదు: కార్యక్రమం లేని మిగతా రోజుల్లో కూడా అదే వీధిలో తలుపులు తీసి కూర్చునే ఆర్టిస్టులు. ఆ కోణంలో ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మక్తా నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. గోడల నిండా పెద్ద బొమ్మలు, వాటి వెనక మామూలుగా కాపురాలు. అలాంటి చోట నెలకో సాయంత్రం పెడితే జనాన్ని పిలవాల్సింది బస్తీవాళ్లే, డబ్బు చేసుకోవాల్సిందీ వాళ్లే.

అద్దె

రాక్ పేపర్ సిజర్స్ కలెక్టివ్ టెలిగ్రాఫ్, 23వ వీధి మూల మీద చాలా ఏళ్లు నిలబడింది. ఆర్ట్ మర్మర్ మొదలుపెట్టిన జాగాలు ఒక్కొక్కటే పోతున్నా అది ఉండిపోయింది. 2015లో అద్దె పెంపు తట్టుకోలేక అదీ ఖాళీ చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఊబర్ కంపెనీ అక్కడికి దగ్గర్లోనే ఉన్న పాత సియర్స్ బిల్డింగ్‌ను కొన్నది. రెండేళ్లకి అందులో అడుగు పెట్టకుండానే అమ్మేసింది, అది వేరే కథ. కంపెనీ రాలేదు గానీ వస్తుందన్న వార్తకే అద్దెలు కదిలాయి.

ఆర్ట్ నైట్ వల్లే అద్దెలు పెరిగాయని నేను అనను. బే ఏరియా మొత్తం పెరిగింది. కానీ పేట పేరు పేపర్లో ఎక్కించింది ఆర్టిస్టులు, ఆ పేరుని అద్దెగా మార్చుకునే హక్కు ఓనర్లది. సియాటిల్‌తో పోల్చి చూడండి. పయనీర్ స్క్వేర్‌లో కూడా పాత బిల్డింగులు చేతులు మారాయి, 2011లో హైవే సొరంగం పనుల వల్ల ఒక పెద్ద స్టూడియోల బిల్డింగ్ నుంచి ఆర్టిస్టులందరూ బయటికి పోవాల్సి వచ్చింది. అయినా మొదటి గురువారం నిలిచింది. దానికి ఒక పెద్ద కారణం 2004లో తెరిచిన తాషిరో కాప్లాన్ బిల్డింగ్ అని నా నమ్మకం. ఆర్ట్‌స్పేస్ అనే సంస్థ పాత కట్టడాలను బాగుచేసి తయారుచేసిన అందులో ఆర్టిస్టులు ఉంటూ పనిచేసుకునే ఇళ్లు 50, కింద గ్యాలరీలు. ఆదాయ పరిమితి ఉన్న అద్దె. మార్కెట్ ఎటు పోయినా ఆ యాభై ఇళ్లు కదలవు.

చోటు దొరకనప్పుడు ఆర్టిస్టులు ఏం చేస్తారన్నదానికి ఓక్లాండ్‌లోనే ఘోరమైన సాక్ష్యం ఉంది. 2016 డిసెంబర్ 2, అది కూడా మొదటి శుక్రవారమే. టెలిగ్రాఫ్‌కి దూరంగా ఫ్రూట్‌వేల్ అనే పేటలో, గోస్ట్ షిప్ అని పిలిచే గిడ్డంగిలో మంటలు లేచి 36 మంది చనిపోయారు. నివాసానికి పర్మిట్ లేని చోట ఆర్టిస్టులు కాపురం ఉండేవారు, ఆ రాత్రి పైఅంతస్తులో సంగీత కార్యక్రమం. బయటికి పోయే దారి సరిగ్గా లేదు. తర్వాత కుటుంబాలతో రాజీలో నగరం 3.27 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. వీధి మీద 20 అడుగుల ఫైర్ దారి కోసం టేప్ పట్టుకుని కొలిచే నాలాంటివాళ్లకి ఆ తేదీ గుర్తుండిపోతుంది. వెలుగులో ఉన్న వీధికి ఇన్ని పర్మిట్లు అడుగుతాం. తలుపు వెనక ఏముందో ఎవరూ అడగరు, అడిగితే ఖాళీ చేయిస్తారని ఆర్టిస్టులూ చెప్పరు. ఆ భయం పోగొట్టకుండా తనిఖీలు పెంచితే అందరూ ఇంకా చీకట్లోకి పోతారు. మంటల తర్వాత ఓక్లాండ్ మేయర్ ఇలాంటి చోట్ల ఉన్నవాళ్లని హడావిడిగా ఖాళీ చేయించకుండా ఉత్తర్వు ఇచ్చింది కూడా ఆ కారణంతోనే.

మా క్లయింట్ ఊళ్లో ఏం చేశాం

వాళ్లది నాలుగు గ్యాలరీలు, ఒక ఫ్రేముల షాపు, ఒక కుండల స్టూడియో ఉన్న పాత రైల్వే వీధి. మొదటి మీటింగులోనే మెయిన్ రోడ్డు మూసేద్దామన్నారు. మొదటి ఏడాది ఒక్క అడుగు కూడా మూయొద్దని నేను పట్టుబట్టాను. ఫుట్‌పాత్‌లు, గ్యాలరీల లోపల, ఫ్రేముల షాపు వెనక పార్కింగ్ జాగా, అంతే. సంఘం పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. జనం లేని రోడ్డుని మూస్తే ఖాళీ కనిపిస్తుంది సార్, నిండిన ఫుట్‌పాత్ ఉత్సాహంగా కనిపిస్తుంది అన్నాక కాస్త తగ్గాడు.

వేళలు సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర. ముగింపును విడతలుగా పెట్టాం. సంగీతం ఎనిమిదికి ఆగుతుంది, స్టాళ్లు ఎనిమిదింపావుకి, గ్యాలరీలు ఎనిమిదిన్నరకి, కాఫీ షాపు తొమ్మిదికి. వాలంటీర్లు తొమ్మిదిన్నర దాకా బ్యాడ్జీలు తీయరు. ఆ చివరి గంటకి వాళ్లకి భోజనం పెట్టడం కూడా ప్లాన్‌లో ఒక లైను. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆకలితో ఉన్న వాలంటీరు ఎనిమిదిన్నరకే మాయమవుతాడు.

కమ్యూనిటీ గుంపులకి ఫీజు లేకుండా మొదటి గంటన్నర ఇచ్చాం. ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. జనవరి మొదటి శుక్రవారం సంక్రాంతికి దగ్గర్లో పడుతుందని, పార్కింగ్ జాగాలో ముగ్గులు పెడతామని ఒకావిడ అడిగింది. ‘అన్నయ్యా, ముగ్గు తొక్కకుండా ఏమైనా కట్టిస్తారా?’ అని ఆమె ప్రశ్న. తాడు కట్టించాం. పిండి తడిస్తే జారుతుందని సేఫ్టీ మనిషిగా నా గొడవ నాది, అందుకని నడిచే దారికి నాలుగడుగుల దూరం పెట్టించాను. కూచిపూడి క్లాసు పిల్లలు, మెక్సికన్ బ్యాండు, హైస్కూలు ప్రింట్ల టేబుల్ అన్నీ ఆ గంటన్నరలోనే. ఇలాంటి గుంపుల వల్ల స్టాల్ ఫీజు రాదు, నిజమే. కానీ తాతయ్యలు, అమ్మమ్మలు, చంటిపిల్లలు వచ్చే వీధి తీరే వేరు. ఆ తీరు ఏడున్నర దాకా నిలబడుతుంది. సెక్యూరిటీకి పెట్టే డబ్బులో కొంత అక్కడ మిగులుతుంది.

ఎక్కువ సమయం పట్టింది డబ్బు మాటకే. రెండు బార్లు, బ్రూవరీ ఆ రాత్రి అమ్మకాల మీద కాకుండా నెలకి ఇంత అని స్థిరంగా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. అమ్మకాల మీద వాటా అంటే లెక్కల పేచీ ఏటా వస్తుంది. ఇద్దరు బిల్డింగ్ ఓనర్లని గ్యాలరీల లీజులు అయిదేళ్లకి రాయమని సంఘం అడిగింది. ఒకాయన రాశాడు. రెండో ఆయన ఇంకా ఆలోచిస్తున్నానంటున్నాడు, ఆయన బిల్డింగ్‌లోనే మూడు గ్యాలరీలు ఉన్నాయి.

రోడ్డు మూసే మాట వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఫుట్‌పాత్ ఇప్పటికే ఇరుకవుతోంది. దానికి మేం రాసుకున్న షరతులు రెండు. ఆరు నెలల మూత ఖర్చు ముందే సంఘం బ్యాంకు ఖాతాలో కనిపించాలి. రెండో ఓనరు లీజుల మీద సంతకం పెట్టాలి. రెండిట్లో ఒక్కటే జరిగితే ఫ్రేముల షాపు వెనక ఉన్న జాగానే ఇంకొంచెం ఊడ్చి వాడుకుంటాం.